“నాకు ప్రీచ్ చెయ్యకండి”

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: లూకా 24:13–35, అపొస్తలుల కార్యములు 20:7–12, 1 కొరింథీయులకు 9:16

  

ఈ దినము ఒక ఇంగ్లీషు మాటను గూర్చి మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాను. అది మనకు కొత్త మాట కాదు. “ప్రీచ్” అనే మాట. ప్రసంగించడాన్ని ప్రీచింగ్ అంటాము. ప్రసంగించేవాణ్ణి ప్రీచర్ అంటాము. సభల పోస్టర్ల మీద ఫొటో కింద ఆ మాట అచ్చు వేస్తాము. నేను కూడా ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాటను నా పేరు పక్కన పెట్టుకొని తిరిగినవాడనే. అయితే ఆ మాటకు అర్థమేమిటో నేను నిజంగా ఆలోచించినది ఒకే ఒక్క రాత్రి. ఆలోచింపజేసినవాడు ఏ దైవజనుడో కాదు, నా కన్నకొడుకు.

కొన్ని సంవత్సరముల క్రిందట జరిగిన సంగతి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పండుగ కాదు, సెలవు కాదు, ఉన్నట్టుండి ఒక మంగళవారం రాత్రి హనుమకొండలోని మా ఇంటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. అన్నం సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. మరునాడు పొద్దున్న ఎనిమిది దాటినా మంచం దిగలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ప్రీచర్ను కదా, నేను ఊరుకుంటానా? మంచం పక్కన కుర్చీ వేసుకొని మొదలుపెట్టాను. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము తీసి, సోమరికి పాఠం నేర్పే చీమను చూపించాను. తరువాత తలాంతుల ఉపమానం చెప్పాను. నా చిన్నతనంలో కిరసనాయిలు బుడ్డి ముందు ఎట్లా చదువుకున్నానో చెప్పాను. అరగంట అయ్యింది. వాడు గోడవైపు తిరిగి ఒకే మాట అన్నాడు: “డాడీ, ప్లీజ్. నాకు ప్రీచ్ చెయ్యకండి.”

వంటింట్లోనుండి మా ఆవిడ కూడా ఒక మాట అన్నది: “ఇంట్లోకి వచ్చినా పుల్పిట్ దిగరా మీరు?”

ప్రియులారా, నా మనసు చాలా నొచ్చుకున్నది. ఏ పని దేవుడు నాకు అప్పగించిన పని అని నమ్మి నా జీవితమంతా ధారపోశానో, ఆ పని పేరే నా కొడుకు నోట “చాలు, ఇక ఆపండి” అని చెప్పే మాట అయ్యింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి ఇంగ్లీషు నిఘంటువు తీశాను.

మొదటి అర్థం మనకు తెలిసినదే. మతసంబంధమైన ప్రసంగం చేయడం, సువార్త ప్రకటించడం. కాని కొంచెం కిందికి వస్తే ఇంకో అర్థం ఉన్నది. ఎవరూ అడగకపోయినా, విసుగు పుట్టేటట్లు ఇతరులకు నీతులు చెప్పడం. అట్లా చెప్పేవాళ్ళ ధోరణికి “ప్రీచీ” అని వేరే మాట కూడా పుట్టింది. “సర్మన్” అనే మాటకూ ఇదే గతి పట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా మందలిస్తే ఇంగ్లీషువాళ్ళు సర్మన్ ఇచ్చారంటారు. మన పిల్లలు ఏమంటారు? “క్లాసు పీకుతున్నాడు” అంటారు, “సుత్తి కొడుతున్నాడు” అంటారు. భాష ఏదైనా బాధ ఒక్కటే.

అయితే ఇదే మాటను వేరే విధంగా వాడేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలోని నల్లజాతి సహోదరుల సంఘాలలో, ప్రసంగీకుడు తమ గుండెలోని బాధను తాకినప్పుడు, సత్యాన్ని సూటిగా పలికినప్పుడు, కూర్చున్నవారు ఉండబట్టలేక “ప్రీచ్!” అని కేక వేస్తారు. అంటే, చెప్పు, ఇంకా చెప్పు, ఆపకు అని అర్థం. చూడండి, ఒక ఇంట్లో ఆ మాట “ఆపండి” అని చెబుతుంది. ఇంకొక చోట అదే మాట “ఆపకు” అని చెబుతుంది. తేడా ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నతో దేవుని సన్నిధిలో కూర్చున్నప్పుడు ఆయన నాకు నేర్పిన మూడు సంగతులను మీ ముందు ఉంచుతాను.

మొదటిది: ప్రీచ్ అనగా చాటింపు

ప్రీచ్ అనే మాట లాటిన్ భాషలోనుండి ఫ్రెంచి గుండా ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో దాని మూలానికి అందరి యెదుట బహిరంగంగా చాటడం అని అర్థం. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో ఈ పనికి తరచుగా వాడిన మాటకు కూడా అదే భావం. రాజుగారి కబురును వీధిలో నిలిచి కేక వేసి చెప్పే మనిషి ఉంటాడే, అతడు చేసే పని అది. మన తెలుగు బైబిలులో దానిని “ప్రకటించు” అని తర్జుమా చేశారు. రోమా పత్రిక పదియవ అధ్యాయములో, ప్రకటించువాడు లేకపోతే ప్రజలు ఎట్లు విందురని పౌలు అడిగే చోట ఉన్నది ఆ మాటే.

మన పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఈ మనిషిని గూర్చి నేను వేరే చెప్పనక్కరలేదు. డప్పు మీద దెబ్బ వేసి, “ఇందుమూలంగా” అని ఎత్తుకొని, వాడవాడకూ తిరిగి చాటింపు వేసే మనిషిని మీరు చూసి ఉంటారు. ఆ మనిషిని కొంచెం గమనించండి. అతడు చెప్పేది తన సొంత మాట కాదు, దానికి ఒకటి కలపడు, ఒకటి తీసివేయడు. అతడు ఎత్తయిన అరుగు మీద నిలబడడు, నేల మీదనే నడుస్తాడు. ఊరి నడిమధ్యన ఒక్కసారి కేక వేసి ఇంటికి పోడు, చివరి గుడిసె దాకా వెళ్తాడు. అన్నిటికంటే ముఖ్యమైనది, అతడు తెచ్చేది కబురు. ఎవరినీ తిట్టడానికి రాడు. రేషను బియ్యం వచ్చినయని చాటింపు వేశాడనుకోండి. వినేవాళ్ళ ముఖాలు వెలుగుతాయి. సంచులు వెతుక్కుంటారు. ఎందుకు? అది వాళ్ళకు కావలసిన వార్త గనుక.

ఇంకొక సంగతి. ఆ చాటింపు వేసే మనిషి ఇంట్లో కూడా బియ్యం నిండుకొని ఉంటాయి. కేక వేయడం అయిపోయిన తరువాత అతడు కూడా సంచి పట్టుకొని వచ్చి అదే వరుసలో నిలబడతాడు. నా ప్రియ సహోదరుడా, సహోదరీ, ప్రసంగీకుడంటే ఈ మనిషి. తానూ ఆకలిగొన్నవాడే. బియ్యం ఎక్కడ దొరుకుతాయో కబురు విన్నాడు గనుక, అందరికీ వినబడేటట్లు చెబుతున్నాడు. “సువార్త” అనే మాటలోనే వార్త ఉన్నది, అదీ మంచి వార్త. నేను మా అబ్బాయి మంచం పక్కన కూర్చొని చెప్పినదానిలో వార్త ఏమున్నది? ఆలోచించి చూస్తే ఏమీ లేదు. వాడికి తెలియని సంగతి అందులో ఒక్కటీ లేదు. చీమను గూర్చి వాడు సండేస్కూలులోనే కంఠస్థం చేశాడు.

రెండవది: సర్మన్ అనగా సంభాషణ

సర్మన్ అనే మాట కూడా లాటిన్ మాటే. మొదట దానికి మాటామంతీ, ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకోవడం అని అర్థం. మన కతోలిక సహోదరులు పూజలో చేసే ప్రసంగాన్ని ఇంగ్లీషులో “హోమిలీ” అంటారు. అది గ్రీకు మాట. దానికి కూడా కలిసి ఉండడం, సంభాషించడం అనే అర్థమే. వేదాంత కళాశాలలలో ప్రసంగం తయారు చేయడం నేర్పే పాఠానికి “హోమిలెటిక్స్” అని పేరు. నేను ఆ పాఠం చదివాను, పరీక్ష రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ మాటకు సంభాషణ అని అర్థమున్నట్లు మాత్రం ఆ రాత్రి వరకు నా మనసుకు తట్టలేదు.

ఈ గ్రీకు మాటను లూకా తన రెండు గ్రంథములలోను వాడాడు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యవ అధ్యాయము తీయండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తూనే ఉన్నాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యౌవనుడు నిద్రపట్టి మూడవ అంతస్తు నుండి క్రింద పడ్డాడు. చిన్నవాడు మన ప్రసంగంలో నిద్రపోతే మనం వాడిని గద్దిస్తాము. పౌలు ఏమి చేశాడు? మెట్లు దిగి వచ్చాడు. వాడి మీద పడి కౌగిలించుకున్నాడు. వాడిలో ప్రాణమున్నదని అందరికీ ధైర్యం చెప్పాడు. ఆ తరువాత పైకి వెళ్ళి, రొట్టె విరిచి, తెల్లవారే వరకు వారితో గడిపాడు. లూకా ఆ రాత్రి మొదటి భాగానికి వాడిన మాట వేరు, చివరి భాగానికి వాడిన మాట వేరు. ఈ చివరి మాటే నేను చెప్పిన గ్రీకు మాట. మన తెలుగు బైబిలులో కూడా మొదట “ప్రసంగించుట” అని, చివరకు “సంభాషించుట” అని వేరువేరుగా ఉన్నవి. పిల్లవాడు పడిపోయిన తరువాత ప్రసంగం సంభాషణగా మారింది.

అదే మాటను లూకా సువార్త ఇరవై నాలుగవ అధ్యాయములో చూస్తాము. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు జరిగిన సంగతులను గూర్చి తమలో తాము సంభాషించుకుంటూ వెళ్తున్నారు. ఆమడ దూరం, ఈనాటి లెక్కలో దాదాపు 11 కిలోమీటర్లు. లేచిన ప్రభువు వచ్చి వారితో కలిసి నడిచాడు. జరిగినదంతా ఆయనకు తెలుసు, జరిగినది ఆయనకే గదా! అయినా ఆయన మొదట ప్రశ్న అడిగాడు. దేనిని గూర్చి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. వాళ్ళు ఆ సంగతులు అనగానే, అవేమిటని మళ్ళీ అడిగాడు. వాళ్ళు చెప్పినంతసేపు విన్నాడు. వాళ్ళ ఆశ ఎట్లా అడుగంటిందో మొత్తం విన్న తరువాతనే మోషే మొదలుకొని లేఖనములను విప్పాడు. గద్దింపు అక్కరలేదని నేను చెప్పుట లేదు. ఆ దారిలో ఆయన వారిని గద్దించాడు కూడా. కాని ముందు వినడం, తరువాత గద్దింపు. నేను నా కొడుకు దగ్గర మొదటిదాన్ని వదిలేసి రెండవదానితో మొదలుపెట్టాను.

మూడవది: చెయ్యి ఎవరి తలమీద?

కాజీపేటలో బండి ఎక్కి విజయవాడ వైపు వెళ్తే, మహబూబాబాద్ దాటిన తరువాత డోర్నకల్ జంక్షన్ వస్తుంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు అది మన వరంగల్ జిల్లాలోనిదే. 1909లో తమిళనాడులోని తిరునెల్వేలి సీమ నుండి ఒక యౌవనుడు ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడికి వచ్చాడు. ఆయనే వి. ఎస్. అజరయ్య. తన మాతృభాష కాని తెలుగును నేర్చుకొని, మన పల్లె ప్రజల మధ్య కాపురమున్నాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవారైన మిషనరీల ముఖం మీదనే మాట్లాడాడు. మీరు త్యాగాలు చేశారు, ఉపకారాలు చేశారు, అవన్నీ మేము మరచిపోము, కాని మాకు స్నేహితులు కావాలి అనే భావంతో ఆయన పలికిన పలుకులు ఈనాటికీ చెప్పుకుంటారు. పైనుండి చెప్పేవారు కాదు, పక్కన కూర్చునేవారు కావాలని ఆయన అడిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేవరకు డోర్నకల్‌లోనే సేవ చేశాడు. ఆయన కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ ఈనాటికీ అక్కడ నిలిచి ఉన్నది.

ఆ అజరయ్య గారు బాప్తిస్మము పొందినవారి చేత ఒక పని చేయించేవారు. ఎవరు వారు? అత్యధికులు అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడినవారు. కూలి చేసుకొని బ్రతికేవారు. అక్షరం రానివారు. ఆయన వారిని ఎవరి చెయ్యి వారి తలమీద పెట్టుకోమనేవారు. అట్లా పెట్టుకొని తన వెంట పలకమనేవారు. తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమని, సువార్తను ప్రకటించక ఊరుకుంటే తమకు అయ్యో అని పలికించేవారు. అది పౌలు భక్తుడు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములోని మాట.

మన పల్లెల్లో తలమీద చెయ్యి పెట్టుకోవడమంటే ఏమిటో మీకు తెలుసు. అది ఒట్టు. చదువు రాని కూలి స్త్రీ కూడా ఆ దినమున ప్రీచర్ అయ్యింది. ఆమెకు పుల్పిట్ లేదు, మైకు లేదు. నాట్లు వేసే పొలంలో పక్కనున్న మనిషితో, బావి దగ్గర ఇరుగుపొరుగుతో తన బ్రతుకులో జరిగినది చెప్పింది. ఏటేటా “సాక్ష్య వారము” అని పెట్టుకొని సంఘస్థులు గుంపులుగా పక్క పల్లెలకు వెళ్ళి చెప్పారు. ఆ మేత్రాసనములో క్రైస్తవుల సంఖ్య లక్ష దాటిందంటే, అది పెద్ద ప్రసంగీకుల వలన మాత్రమే కాదు.

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. ఆ ఒట్టులో “అయ్యో” ఎవరికి? వినేవారికా? కాదు, చెప్పేవారికి. అయ్యో మీకు అని వారు పలకలేదు, అయ్యో నాకు అని పలికారు. చెయ్యి ఎదుటివాని వైపు చూపించలేదు, తన తలమీద పెట్టుకున్నారు. ప్రియులారా, “ఆపండి” అనిపించే ప్రసంగానికీ “ఆపకు” అనిపించే ప్రసంగానికీ ఉన్న తేడా ఇక్కడే ఉన్నది. వేలు ఎదుటివాని వైపు ఉంటే అది క్లాసు పీకడం. చెయ్యి నా తలమీద ఉంటే అది సువార్త. పాత నిబంధనలో “ప్రసంగి” అనే పేరుతోనే ఒక గ్రంథమున్నది. అందులో ఆ ప్రసంగి మొదట ఎవరిని గూర్చి మాట్లాడుతాడు? తాను కట్టించిన ఇండ్లు, తాను నాటించిన తోటలు, తాను వెతికిన సుఖములు, చివరకు అదంతా వ్యర్థమని తాను తెలుసుకున్న సంగతి. తన బ్రతుకునే ముందు విప్పి చూపించాడు.

మళ్ళీ మా అబ్బాయి దగ్గరికి వస్తాను.

మరునాడు సాయంకాలము వాడి గది తలుపు దగ్గర నిలబడి, “వడ్డేపల్లి చెరువు కట్ట మీద కాసేపు నడిచి వద్దామా?” అని అడిగాను. వాడు అనుమానంగా చూశాడు. నా చేతిలో బైబిలు ఉన్నదేమోనని చూశాడు. లేదు. సరేనని వచ్చాడు. కట్ట మీద ఆ చివరి దాకా నడిచాము. నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం నాకెంత కష్టమో మా సంఘస్థులను అడిగితే చెబుతారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకే మాట అడిగాను: “ఏమైంది బిడ్డా?”

వాడు చాలా దూరం జవాబు చెప్పలేదు. తరువాత అన్నాడు, “డాడీ, ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది.” కంపెనీవాళ్ళు కొంతమందిని తీసివేశారు, అందులో వీడొకడు. మాకు తెలియకూడదని, గదిలో ఉన్న స్నేహితులకు కూడా తెలియకూడదని, రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకొని బయలుదేరేవాడు. ఉద్యోగాలు వెతికి వెతికి, దొరకక, పార్కులో కూర్చొని సాయంకాలం గదికి వచ్చేవాడు. ఆ నాలుగు నెలలు నెలనెలా నాకు పంపిన డబ్బు అప్పు తెచ్చి పంపినది.

ప్రియ శ్రోతలారా, ఆ డబ్బులోనుండి నేను దశమభాగము తీసి కానుకల పెట్టెలో వేశాను. మా అబ్బాయిని దేవుడు ఎంతగానో ఆశీర్వదిస్తున్నాడని సంఘములో నిలబడి సాక్ష్యం చెప్పాను. పని దొరకక తిరిగి తిరిగి అలిసిపోయి ఇంటికి వచ్చిన బిడ్డకు, సోమరివని చెప్పి చీమను చూపించాను. ఆ చీమకు నాలుగు నెలలుగా గింజ దొరకలేదని నాకు తెలియదు. ఎందుకు తెలియదు? నేను అడగలేదు గనుక.

ఆ కట్ట మీద నా చెయ్యి నా తలమీదికి వెళ్ళింది. “నన్ను క్షమించు బిడ్డా” అన్నాను. అంతకు మించి ఏ వచనమూ చెప్పలేదు. వాడి బాధ ఆ సాయంకాలముతో తీరిపోయిందని నేను మీకు చెప్పను. ఉద్యోగం దొరకడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది, అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. కాని ఇంటి గేటు దగ్గరికి వచ్చినప్పుడు వాడు ఆగి అడిగాడు: “రేపు కూడా వెళ్దామా డాడీ?” ముప్పై ఏళ్ళు ప్రసంగాలు చేశాను. అవి అయిపోయినందుకు సంతోషించినవారు ఉండవచ్చు గాని, రేపు కూడా కావాలని అడిగినవారు నాకు గుర్తు లేరు. ఎమ్మాయు దగ్గర ఆ ఇద్దరు శిష్యులు ప్రభువును వెళ్ళనియ్యక, మాతో ఉండుమని బలవంతము చేసిన సంగతి నాకు అప్పుడు అర్థమయ్యింది.

ఈ మాటలు వింటున్న, చదువుచున్న తండ్రీ, తల్లీ, ఉపాధ్యాయుడా, సంఘ కాపరీ! ఈ రోజు మీ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నవారు ఎవరైనా ఉన్నారా? వారికి చెప్పవలసిన వచనం మీ దగ్గర సిద్ధంగా ఉన్నదేమో. దానిని కాసేపు పక్కన ఉంచండి. కుర్చీలోనుండి లేవండి. వారితో కలిసి నడవండి. ఏమైందని అడగండి. చెప్పేదంతా వినండి. తరువాత దేవుడు మీ నోట ఏ మాట పెడితే ఆ మాట, మీ చెయ్యి మీ తలమీద పెట్టుకొని చెప్పండి. యౌవన సహోదరుడా, సహోదరీ, మీకూ ఒక మాట. మీకు ప్రీచ్ చేస్తున్నట్లు అనిపించే ఆ పెద్దవారి నోటి వెనుక ఒక భయపడే మనసు ఉన్నది. వారికి అడగడం రాకపోతే, మీరే ముందు చెప్పండి. నాలుగు నెలలు పార్కులో ఒంటరిగా కూర్చోకండి.

ప్రార్థన చేసుకుందాము.

పరిశుద్ధుడవైన తండ్రీ, నీ మంచి కబురును మా కోపముతో కలిపి చెడగొట్టిన సమయములను క్షమించుము. మేమును ఆకలిగొన్నవారమేనని మరువనియ్యకుము. చెప్పుటకు ముందు వినుటకు మాకు చెవులనిమ్ము. పని లేక, మాట చెప్పుకొను మనిషి లేక కృంగియున్న ప్రతి బిడ్డతోను ఈ రాత్రి నీవే నడువుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.